మూడు మిల్లీమీటర్ల పోగు

మా రాజేశ్వరరావుగారి చేతికి మెత్తటిది ఏది చిక్కినా పోగైపోయేది. చపాతీ పిండి, చింతపండు, గంధం ముద్ద, పిల్లలు ఆడుకునే రంగు మైనం, హోటల్లో ప్లేటు అడుగున మిగిలిన హల్వా, ఏదైనా ఒకటే. చిటికెడు తీసి ఎడమ అరచేతిలో పెట్టుకుని, కుడిచేతి వేళ్ళతో ముందుకీ వెనక్కీ దొర్లించి సన్నటి పోగు తీసేవారు. అందరూ పెన్ను పెట్టుకునే జేబులో ఆయనకొక స్టీలు పుల్ల ఉండేది. దాని మందం సరిగ్గా మూడు మిల్లీమీటర్లు. పోగును ఆ పుల్ల పక్కన పెట్టి చూసేవారు. అంత సన్నబడ్డాక పోగు ముక్కలైతే ఆయన ముఖం వెలిగిపోయేది. కాకపోతే మళ్ళీ ముద్ద చేసి మొదటికొచ్చేవారు.

ఆయన మా ల్యాబు వదిలి వెళ్ళి పదకొండు నెలలైంది. ఆ పుల్ల ఇప్పుడు నా దగ్గరుంది. మనిషి దగ్గరున్నప్పుడు విసుగనిపించిన సంగతులన్నీ వెళ్ళిపోయాక ఇంతగా గుర్తొస్తాయని నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ విసుగు కొంచెం తగ్గించుకునేదాన్ని.

మాది మట్టి పరీక్షల ల్యాబు, దానికి పెద్ద ఇంజనీరు ఆయన. చెన్నై కోడంబాక్కంలో ఒకప్పుడు సినిమా సెట్టింగులు దాచిన రేకుల షెడ్డులో ఉంటుంది. గోడకవతల డబ్బింగ్ థియేటరు. అక్కడ హీరోయిన్ ఒకే ఏడుపు పదిహేనుసార్లు ఏడుస్తుంటే, ఇక్కడ మేము ఏమీ పట్టనట్టు మట్టి తూకం వేసుకుంటూ ఉంటాం. నేను గుంటూరునుంచి ఎం.టెక్. పట్టాతో దిగిన మొదటిరోజు ఆయన నా సర్టిఫికెట్లు చూడలేదు. చెయ్యి చాపమన్నారు. చాపితే ఇంత తడిమట్టి అరచేతిలో పెట్టి పోగు తియ్యమన్నారు. కంప్యూటర్లో భూకంపం పుట్టించి మేడలు కూల్చడం నా చదువు. మట్టి ముట్టుకోవడం అందులో లేదు. నా చేతిలో పోగు రాలేదు సరికదా, కొత్త చుడీదారుమీద మరక పడింది.

ఆయన తల పంకించి, "నీ పీఐ ఆరు మా," అన్నారు. "ఇంకా కొంచెం పెరగాల." వాళ్ళింట్లో అందరిదీ మద్రాసు తెలుగు, అమ్మాకు బదులు మా, నొక్కి చెప్పాలంటే మధ్యలో తమిళపు దా.

ఈ పీఐ ఏమిటో చెప్పకపోతే ఆయన కథ ముందుకు నడవదు. భూకంపం వచ్చినప్పుడు, నీళ్ళు పట్టి ఉన్న వదులు ఇసుక కాసేపు గంజిలా మారిపోతుంది. పైనున్న మేడ కుంగుతుంది, లేదా ఒరుగుతుంది. బంకమట్టికి ఆ గొడవ లేదని చాలాకాలం అందరూ నిశ్చింతగా ఉన్నారు. తర్వాత కొన్నిచోట్ల, చూడ్డానికి అచ్చం బంకమట్టిలాగే ఉన్న నేలలమీద కూడా మేడలు కుంగాయి. అంచేత రూపం చూసి మోసపోకుండా గుణం కొలవాలి. మట్టి ఎంత నీటితో జారడం మొదలుపెడుతుంది, ఎంత నీటితో దాని పోగు మూడు మిల్లీమీటర్ల దగ్గర విరుగుతుంది, ఈ రెండూ కనుక్కుని తేడా తీస్తే అదే పీఐ, ప్లాస్టిసిటీ ఇండెక్స్. ఏడు దాటితే బంకమట్టి గుణం, ఏడు లోపైతే ఇసుక గుణం అని మా ల్యాబులో మోటు లెక్క. మొదటి కొలతకు ఇత్తడి గిన్నె ఉంది. రెండో కొలతకు మా దగ్గర యంత్రం లేదు. మనిషి వేళ్ళే యంత్రం.

రాజేశ్వరరావుగారు మట్టితో ఆగలేదు, మనుషులకు కూడా పీఐ వేసేవారు. భార్య సీతాదేవిగారికి ముప్పై ఇచ్చారు. ఎన్ని కుదుపులొచ్చినా ఆమె చెక్కుచెదరదని అర్థం. ల్యాబును ఒక పెద్ద సంస్థ కొనేశాక మామీదికొచ్చిన మేనేజరు దీపక్‌కు నాలుగు. పైనుంచి ఒక్క ఫోను వస్తే చాలు, నీళ్ళయిపోతాడని. ఆ నాలుగు సంగతి దీపక్‌కు తెలియదు. అది మంచి సంఖ్యే అనుకుని ఒకసారి థాంక్స్ కూడా చెప్పాడు.

పురసవాక్కంలో సీతాదేవిగారి చెల్లెలి కూతురి పెళ్ళికి నన్నూ పిలిచారు. పురోహితుడు తమలపాకులో పసుపు గణపతిని చేసిపెట్టి, అక్షింతల పళ్ళెంకోసం అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి తమలపాకు ఖాళీగా ఉంది. పక్కన కూర్చున్న రాజేశ్వరరావుగారి అరచేతిలో పచ్చటి పోగొకటి మూడు మిల్లీమీటర్ల దగ్గర ముక్కలవుతోంది. విఘ్నేశ్వరుడు ఏమయ్యాడని పురోహితుడు అడిగాడు.

"పద్నాలుగు వస్తాది స్వామీ," అన్నారు ఈయన భక్తిగా. "మంచి పసుపు."

పురోహితుడు ఇంకో గణపతిని చేసి, తనకూ ఈయనకూ మధ్య ఒక కొబ్బరికాయల బస్తా పెట్టించాడు. సీతాదేవిగారు నవ్వుతూనే లేచి వచ్చి, మొగుడి జేబులోని స్టీలు పుల్ల తీసి తన హ్యాండుబ్యాగులో వేసుకున్నారు. తాళి కట్టేదాకా ఆయన చేతులు ఏం చెయ్యాలో తోచక ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి.

ల్యాబులో మాత్రం ఆయన్ని ఆపే దిక్కు లేదు. పోగు పరీక్ష ఇంకెవరూ చెయ్యకూడదు, ఆయనే చెయ్యాలి. అక్కడే నాకు కోపమొచ్చేది. మా దగ్గర సెల్వం అని ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న టెక్నీషియన్ ఉన్నాడు. పెరంబూరులో కాపురం. పుట్టుక తమిళం, మాతోపాటు ఉండి ఉండి తెలుగు పట్టుబడింది. ఇత్తడి గిన్నె పరీక్షలో అతన్ని మించినవాడు లేడు. దాని పిడి తిప్పుతుంటే గిన్నె గడియారంలా కొట్టేది. రాజేశ్వరరావుగారు ఆ పని మెచ్చుకోని రోజు లేదు. కానీ సెల్వం పోగు తియ్యడానికి గాజుపలక ముందు కూర్చోగానే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేవారు. "లేయ్, లేయ్, నా ఆటబొమ్మ నాకియ్యి," అని పలక లాక్కునేవారు. అంత పెద్దమనిషిని అలా లేపెయ్యడం నాకు అన్యాయంగా తోచేది. సెల్వం మాత్రం చిన్నగా నవ్వి లేచిపోయేవాడు.

సెల్వంలో నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. నూటఐదు డిగ్రీల అవెన్‌లోంచి మట్టి గిన్నెలను ఉత్త చేతుల్తో తీసేవాడు. మేము పట్టకారు వెతుక్కుంటుంటే అతను కబుర్లు చెబుతూ నాలుగు గిన్నెలు బల్లమీద పెట్టేసేవాడు. అనుభవమంటే అదీ అనుకునేదాన్ని. ఒక్క టీ విషయంలోనే అతను మహా పేచీకోరు. గ్లాసు పట్టుకోగానే, చల్లారిపోయిందని తిప్పి పంపేవాడు. ఎదురు బడ్డీకొట్టు కుర్రాడు ఆంటో అతనికోసం టీ రెండుసార్లు మరిగించి, మూడోసారి పెట్టేముందు ఆకాశంవైపు చూసేవాడు.

ఇక నాకు పోగు నేర్పాలని ఆయన పడ్డ తాపత్రయం అంతా ఇంతా కాదు. మధ్యాహ్నం డబ్బా విప్పితే నా చపాతీ చివర తుంచి చేతిలో పెట్టేవారు. నేను ఇంజనీరునండీ, టెక్నీషియన్ని కాదు అనేదాన్ని. ఆయన మర్నాడు మళ్ళీ తుంచేవారు. రిటైర్మెంటు దగ్గరపడేకొద్దీ ఆ తుంచడం ఎక్కువైంది. ఆకలి ఎక్కువై నా చపాతీలకు అలవాటుపడ్డారేమోనని నేను రెండు అదనంగా తెచ్చేదాన్ని. అవి కూడా పోగులైపోయేవి.

ఆయనకింకా రెండు నెలలు సర్వీసుండగా పిత్తాశయంలో రాళ్ళు తేలి ఆపరేషన్ చేశారు. సరిగ్గా అదే వారం పెరంబూరు మట్టి వచ్చింది. ఒకప్పుడు చెరువుగా ఉండి పూడిపోయిన చోట నాలుగంతస్తుల క్వార్టర్లు కట్టబోతున్నారు. శుక్రవారానికల్లా రిపోర్టు కావాలని దీపక్ పొద్దునా సాయంత్రం అడుగుతున్నాడు. కట్టేవాళ్ళయితే, మెత్తటి బంకమట్టికి ఇంత ఆలోచనేమిటి, చెన్నైలో భూకంపమేమిటి అని నవ్వారు. సునామీ వచ్చిన పొద్దున ఇక్కడ కూడా మంచాలు కదిలాయని వాళ్ళకెవరు గుర్తుచేస్తారు?

ఆయన లేరు కనక పోగు పరీక్ష సెల్వానికే ఇచ్చాను. ఎన్నాళ్ళకో దక్కిన మర్యాద అని లోపల సంతోషించాను కూడా. అతను కొంచెం తటపటాయించి, తల గోక్కుని, చేసి ఇచ్చాడు. పీఐ పన్నెండు వచ్చింది. బంకమట్టే, భయం లేదు. రిపోర్టు రాసేసి, ఆస్పత్రిలో ఉన్న పెద్దాయనకు మర్యాదకోసం ఫోన్లో చదివి వినిపించాను. ఆయన అంకె మళ్ళీ చెప్పమన్నారు.

"పోగు ఎవురు తీసినారు మా?"

సెల్వం అన్నాను.

"ఆ మన్ను ఈడికి తీసుకోని రా. గాజుపలక కూడా."

ఆపరేషనై రెండు రోజులైన మనిషి అడుగుతున్నారు. టిఫిన్ డబ్బాలో మట్టి పెట్టుకుని వెళ్ళాను. నర్సు డబ్బా మూత తీసి, ఈ పేషెంటుకు ఇడ్లీ తప్ప ఏమీ పెట్టకూడదని నన్ను కోప్పడింది.

"అది తినేది కాదు సిస్టర్," అన్నారాయన దిండుకు జారబడి. "అది పెరంబూరు."

భోజనం పెట్టే బల్లమీద పలక పెట్టుకుని పోగు తీశారు. పొట్టమీది కుట్లు లాగుతుంటే ఒక్కో పోగుకూ ఒకసారి ఆగి ఊపిరి తీసుకున్నారు. నాకు జాలేసింది, విసుగూ వేసింది. విరిగిన ముక్కలను గిన్నెల్లో మూతపెట్టి తెచ్చి తూచి, అవెన్‌లో ఎండబెట్టి, ఎంత నీరు పోయిందో చూడ్డానికి మర్నాడు మళ్ళీ తూచాను. పీఐ ఐదు.

పన్నెండు ఎక్కడ, ఐదు ఎక్కడ! చెరువుమట్టి బంకమట్టి వేషం వేసుకొచ్చి నన్ను మోసం చేసింది, నేను సంతకం చెయ్యబోయాను. నాలుగంతస్తుల్లో పడుకునే పిల్లాజెల్లా కళ్ళముందు మెదిలారు. ఆ కోపమంతా సెల్వంమీదికి మళ్ళింది. పరీక్ష చెయ్యకుండానే అంకె వేసి ఇచ్చి ఉంటాడు, అందుకేనన్నమాట పెద్దాయన ఇతన్ని పలక దగ్గరికి రానివ్వనిది అనుకున్నాను. మా కొత్త సంస్థ నియమం ప్రకారం, టెక్నీషియన్‌మీద ఇంజనీరు ఒక్క ఫిర్యాదు రాసిస్తే చాలు, అతనిక ఇంటికే. సెల్వానికి రిటైర్మెంటుకింకా ఏడాదిన్నర ఉంది. ఉంటే ఏం అనుకుని దీపక్ పేర ఫిర్యాదు టైపు చేసి, ప్రింటు తీసుకుని, ముఖంమీదే అడిగేద్దామని అవెన్ గదిలోకి వెళ్ళాను.

సెల్వం అప్పుడే అవెన్‌లోంచి గిన్నె తీశాడు, ఎప్పట్లాగే ఉత్త చేత్తో. దాన్ని పట్టుకునే నావైపు తిరిగి, పెరంబూరు బస్సు ఈమధ్య సరిగా రావడం లేదని చెప్పసాగాడు. గిన్నె బల్లమీద పెడతాడేమోనని చూశాను. పెట్టలేదు. చెబుతూనే ఉన్నాడు. అతని బొటనవేలు చివర తెల్లగా బొబ్బ లేస్తోంది. దాని పక్కనే పాత మచ్చలు కూడా ఉన్నాయి, ఒకటి కాదు, పది. ముప్పై ఏళ్ళ అనుభవం అనుకుని మురిసిపోయిన నా తెలివికి నాకే సిగ్గేసింది.

"సెల్వం, గిన్నె కాలడం లేదా?" అన్నాను.

అతను గిన్నెవైపు చూసి గబుక్కున బల్లమీద పెట్టేశాడు. చెయ్యి వెనక్కి దాచుకుని, "పరవాల్లే మేడమ్, పళకమైపోయింది," అన్నాడు, అలవాటైపోయిందని. అతనికి షుగరుందని అందరికీ తెలుసు. అది వేళ్ళకొసల స్పర్శను తినేసిందని ఎవరికీ తెలియదనుకున్నాను. పోగు మూడు మిల్లీమీటర్లకు వచ్చిందో, అయిదు దగ్గరే బీటలిచ్చిందో ఆ వేళ్ళకు తెలిసే దారి లేదు. మరీ ఆరిపోయి లావుగానే విరిగిన పోగును సరిపోయిందనుకుని ఇచ్చేస్తే, అందులో నీరు తక్కువ కనక తేడా ఎక్కువై పీఐ పెరిగిపోతుంది, ఇసుక గుణం కాస్తా బంకమట్టి అయిపోతుంది.

బయటికొచ్చి పాత రిజిస్టర్లు తిరగేశాను. ఆరేళ్ళ క్రితందాకా పోగు పరీక్ష గడిలో అన్నీ సెల్వం సంతకాలే. తర్వాతనుంచి ఒక్కటి తప్పకుండా రాజేశ్వరరావుగారివి. ఫిర్యాదు కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను.

వరండాలో సీతాదేవిగారు బత్తాయి వలుస్తూ కూర్చున్నారు. ఈ పోగుల పిచ్చి ఆయనకు ఎప్పట్నుంచి అని అడిగాను. పెళ్ళినాటినుంచీ అంటారనుకున్నాను.

"ఆరేండ్లుగా దా మా," అన్నారామె. "అంతకుముందు ఆయనకి పోగు తియ్యనే రాదు. ఏసీ రూములో కూచోని సంతకం పెడతా ఉండినారు. ఒకదినం వచ్చి, చపాతీ పిండి ఇయ్యి, నేర్చుకోవాలన్నారు. ఎంత పిండి పాడుచేసినారో నాకు దా తెలుసు. ఎవురన్నా చూసి అడిగితే ఏం చెప్తారని నేనంటే, పిచ్చి అనుకోనీ, మంచిదే, అన్నారు."

నేను లోపలికి వెళ్ళి ఆ కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఆయన చదివి, మొదట దీపక్‌కు ఇచ్చేశావా అని అడిగారు. ఇవ్వలేదన్నాను. అప్పుడు వెనక్కి వాలారు. సెల్వానికే చెప్పేసి వేరే పని ఇవ్వచ్చు కదా, ఆరేళ్ళు ఇంత నాటకమెందుకని అడిగాను.

"చెప్తే మరుదినం రాడు మా. రోషం జాస్తి. నేను ఈడ చేరినప్పుడు నాకు ఏ మన్ను ఏందో చూపించినోడు వాడు. రిపోర్టు తప్పు కాకూడదు, వాడు పోకూడదు. రెండూ కుదరాలంటే ఎవురో ఒకరికి పిచ్చి పట్టాల గదా. నేను పట్టించుకున్నా." నా చేతులవైపు చూశారు. "నేను రెండు నెలల్లో పోతా ఉండా. వాడికి ఏడాదిన్నర ఉండాది. అందుకే దా నీ చపాతీల వెంట పడింది."

నేను కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని నాలుగు ముక్కలు చేశాను. తర్వాత డబ్బాలో మిగిలిన పెరంబూరు మట్టి చిటికెడు తీసి, గాజుపలక నా ఒళ్ళోకి లాక్కున్నాను. ఆ మధ్యాహ్నమంతా ఆయన పడుకునే చెబుతూ ఉంటే నేను పోగులు తీశాను. ఏ చుడీదారు వేసుకున్నానో కూడా గుర్తు లేదు.

పెరంబూరు రిపోర్టు ఐదుతోనే వెళ్ళింది. కట్టేవాళ్ళు గొణిగారు, దీపక్ యథాప్రకారం నీళ్ళయ్యాడు, చివరికి పునాదులు లోతుగా గట్టినేలదాకా దింపేటట్టు మార్చారు. రెండు నెలలకు రాజేశ్వరరావుగారు రిటైరయ్యారు. సీతాదేవిగారి ఉబ్బసానికి చెన్నై గాలి పడదని డాక్టరు చెబితే మదనపల్లెకు మారిపోయారు. వెళ్ళేరోజు స్టీలు పుల్ల జేబులోంచి తీసి నాకిచ్చి, ఖాళీ జేబును ఒకసారి తడుముకున్నారు.

ఆదివారాలు ఫోను చేస్తారు. మొదట మట్టి సంగతి, తర్వాత సెల్వం సంగతి, ఆఖరున నా సంగతి. గాలి బాగుందట, నీళ్ళు బాగున్నాయట. "కానీ ఈడ మన్ను పోగు రాదు మా," అంటారు. "అంతా గరుకు. చేతులు ఊరికే ఉండాయి." ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. ఆయనకక్కడ మా మట్టిమీద బెంగ, నాకిక్కడ ఆయనమీద బెంగ. గోడకవతల హీరోయిన్ ఏడుస్తుంటే, ఆయనుండగా ఎందుకు నవ్వొచ్చేదో, ఇప్పుడెందుకు రావడం లేదో తెలియదు. చపాతీ డబ్బా విప్పి, పక్కనుంచి చెయ్యి వస్తుందేమోనని ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను.

ఉండబట్టలేక, మదనపల్లె వెళ్ళే తెలిసినవాళ్ళచేత డబ్బాడు పెరంబూరు మట్టి పంపాను. వారానికి డబ్బా తిరిగొచ్చింది. లోపల ఎండిన పోగు ముక్కలు, కింద ఒక కాగితం. కాగితంమీద పద్దెనిమిది అని రాసి ఉంది. దానికింద చిన్న అక్షరాలతో, ఇది మన్నుది కాదు, నీది అని. ఆ కాగితాన్ని నా ఎం.టెక్. పట్టాతోపాటు దాచుకున్నాను.

ఇప్పుడు ల్యాబులో పోగు పరీక్ష ఇంకెవరూ చెయ్యకూడదు, నేనే చెయ్యాలి. సెల్వం పలక ముందు కూర్చోగానే పరుగెత్తుకెళ్ళి లాక్కుంటాను. అనుమానం రాకుండా ఉండాలని కనిపించిన ప్రతి ముద్దనూ పోగు తీస్తాను. దీపక్ పుట్టినరోజు కేకుమీది క్రీము కూడా వదల్లేదు. అది పోగు రాలేదు.

మొన్న మధ్యాహ్నం చపాతీ చివర తుంచి దొర్లిస్తుంటే, కొత్తగా చేరిన రాశి నన్ను వింతగా చూసింది. పక్కగదిలోకి వెళ్ళి, మేడమ్‌కు ఏమైందని సెల్వాన్ని అడిగింది. రేకుల షెడ్డులో రహస్యాలు దాగవు.

"అది ఒక పిచ్చి మా," అంటున్నాడు సెల్వం గొంతు తగ్గించి. "ముందున్న సార్‌కి ఉండె. పోతా పోతా ఈమెకి అంటించి పోయినాడు. మంచోళ్ళు, పాపం. నాకు రాక కాదు, నేను చేస్తానంటే వాళ్ళు బాధపడతారు. అందుకని ఏడేండ్లుగా నేనుదా వదిలేస్తా ఉండా. నువ్వూ అడ్డం చెప్పొద్దు."

సరిగ్గా అప్పుడే ఆంటో టీ తెచ్చాడు. సెల్వం గ్లాసు పట్టుకుని, చల్లారిపోయిందని నాకు వినపడేటట్టు కేకేశాడు. గుమ్మంలోంచి చూస్తే గ్లాసుమీద ఆవిరి లేస్తోంది.

"నిజమే సెల్వం," అన్నాను. "ఇంకోటి చెప్తానుండు."